'రిలిజియన్' అనే మాటలో 'దీన్' ఇముడుతుందా?

పోయిన రంజాన్ నెలలో ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగిసిన తరువాత మా వీధి మసీదు అరుగు మీద కూర్చుని ఉండగా, ఇంజనీరింగు చదువుతున్న ఒక అబ్బాయి తెలుగు ఖుర్ఆన్ అనువాదం ఒకటి చేతబట్టుకొని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మౌల్వీ సాబ్, ఒక సందేహం. కాఫిరూన్ సూరాలో 'దీన్' అనే మాటకు మతం అని రాశారు. ఫాతిహాలో అదే మాటకు తీర్పు అని రాశారు. మతమన్నది నిజమైతే 'యౌముద్దీన్' అంటే మతదినం కావాలి గదా! తీర్పన్నది నిజమైతే కాఫిరూన్ సూరా చివరి ఆయత్ అర్థమే మారిపోవాలి గదా! ఇది అనువాదకుల ఇష్టానికి వదిలేసిన సంగతా?" అని అడిగాడు.

ఆ అనువాదం నాది కాదు. అయినా నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పదిహేనేళ్ళుగా నేను చేస్తూ వచ్చిన అనువాదాలలోనూ ఇదే పద్ధతి ఉన్నది. 'దీన్' కనిపించిన చోటల్లా చేయి అలవాటుగా 'మతం' అని రాసేస్తుంది. 'యౌముద్దీన్' వచ్చినప్పుడు మాత్రం ఆగి, 'తీర్పు' అని రాస్తుంది. ఈ రెంటికీ సంబంధమేమిటని ఏ పాఠకుడూ అంతవరకు నన్ను నిలదీయలేదు. తరువాత కొన్ని రోజులు నిఘంటువులు ముందేసుకొని కూర్చుంటే నాకు తోచినది ఇది: మనం 'దీన్'ను తిన్నగా తెలుగులోకి తేవడం లేదు. ముందు దానిని 'రిలిజియన్' అనే ఆంగ్ల పదంలో పోసి, ఆ పదానికి సరిపోయే తెలుగు మాటను వెతుకుతున్నాము. ఆంగ్లం రాని మన పెద్దలు కూడా ఈ పనే చేశారు. ఎందుకంటే గత నూటయాభై ఏళ్ళలో జనాభా లెక్కలు, బడి దరఖాస్తులు, కోర్టు కాగితాలు అన్నీ ఆ ఆంగ్ల పదం చుట్టూ తయారైనవే. కనుక ముందుగా ఆ పదం పుట్టుపూర్వోత్తరాలు చూడటం అవసరం.

'రిలిజియన్'కు మూలం లాటిన్ 'రెలిజియో'. దాని వ్యుత్పత్తి గురించి రోమన్లలోనే ఏకాభిప్రాయం లేదు. సిసిరో క్రీ.పూ. 45లో దేవతల స్వభావాన్ని గురించి రాసిన గ్రంథంలో దీనిని 'రెలెగెరె' నుండి తెచ్చాడు. మళ్ళీ మళ్ళీ చదువుకొనుట, జాగ్రత్తగా నెమరు వేసుకొనుట అని దాని భావం. దేవతారాధనలో ఏ చిన్న తంతూ తప్పకుండా పదేపదే సరిచూసుకునే వాడు 'రెలిజియోసుస్' అన్నమాట. దాదాపు మూడున్నర శతాబ్దాల తరువాత క్రైస్తవ రచయిత లాక్టాన్టియుస్ దీనిని తోసిపుచ్చి, 'రెలిగారె' అనగా కట్టివేయుట అనే ధాతువు చెప్పాడు. మానవుణ్ణి దేవునితో కట్టి ఉంచే బంధమని ఆయన భావం. మోకాలి దెబ్బకు డాక్టర్లు చెప్పే 'లిగమెంట్' అనే మాటలోనూ ఈ కట్టే ఉన్నది. భాషాశాస్త్రజ్ఞులలో నేటికీ ఇరుపక్షాల వారూ ఉన్నారు.

ఈ పదం సుమారు 1200 ప్రాంతంలో ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం ఇస్లాం, క్రైస్తవం వంటిది కాదు. మఠంలో చేరి, బ్రహ్మచర్య దీక్ష పట్టి, నియమాల ప్రకారం గడిపే సన్యాస జీవితాన్ని 'రిలిజియన్' అన్నారు. సంసారం వదిలి మఠంలో చేరితే 'రిలిజియన్‌లో ప్రవేశించాడు' అనేవారు. కాథలిక్కులు నేటికీ తమ సన్యాసులను, సన్యాసినులను 'రిలిజియస్' అని నామవాచకంగా పిలుస్తారు. పెండ్లి చేసుకొని, వ్యాపారం చేసి, పిల్లలను పెంచి, ఐదుపూటలా నమాజు చేసే ముసల్మాను ఆ కాలపు ఇంగ్లీషు ప్రకారం 'రిలిజియన్' వెలుపలి మనిషే! హైదరాబాదులో మన మిత్రులు "ఆయన రోజూ రిలిజియస్‌గా వాకింగుకు పోతాడు" అంటుంటారు. ఆ మాటలో సిసిరో చెప్పిన రోమన్ జాగ్రత్త రెండువేల ఏళ్ళ తరువాత కూడా బ్రతికి ఉన్నది.

పదహారవ శతాబ్దంలో ఐరోపా క్రైస్తవులు రెండుగా చీలి కొట్టుకున్నారు. ఎవరి నమ్మకం సరియైనదన్నది ప్రాణాల మీదికి వచ్చిన ప్రశ్న అయింది. అప్పుడు ఈ పదం మఠం గోడలు దాటి, నమ్మవలసిన సిద్ధాంతాల పట్టిక అనే అర్థం వైపు జరిగింది. తరువాత రాజ్యం వేరు, నమ్మకం వేరు అని గీత గీసినప్పుడు, గీతకు ఇవతల మనిషి మనసులో మిగిలిన భాగానికి అదే పేరైంది. 1613లో శామ్యూల్ పర్చాస్ అనే పాదిరీ ప్రపంచంలోని జాతుల గురించి సంకలనం చేసిన పెద్ద గ్రంథం పేరులోనే ఈ పదం బహువచనంలో కనిపిస్తుంది. ఒకప్పుడు మనిషిలోని ఒక గుణం పేరు. ఇప్పుడు లెక్కపెట్టదగిన వస్తువుల పేరు. ఇక పంతొమ్మిదవ శతాబ్దంలో ప్రతి జాతికీ ఒక 'ఇజం' తగిలించారు. మనకు 'మహమ్మడనిజం' అని, మనమెన్నడూ వాడని పేరు పెట్టారు. గిబ్ వంటి విద్వాంసుడు 1949లో కూడా తన పుస్తకానికి ఆ పేరే ఉంచాడంటే అలవాటు బలం ఎంతటిదో గ్రహించవచ్చు.

ఈ చరిత్రనంతా చూసిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్, 1960ల మొదట్లో వచ్చిన తన ప్రసిద్ధ గ్రంథంలో, 'రిలిజియన్' అనే మాటను వాడటం మానివేయడమే మంచిదన్నాడు. లాహోరులో అధ్యాపకుడుగా పనిచేసి, తరువాత మెక్‌గిల్‌లో ఇస్లామీయ అధ్యయన సంస్థను స్థాపించిన ఆయనకు మన భాషలు తెలుసు. ఇస్లాం సంగతి ప్రత్యేకమని గుర్తించి, దానికొక అధ్యాయం కేటాయించాడు. తమకు తాము పేరు గలిగి, 'దీన్' అనే మాట గలిగి వచ్చిన వారు వీరని ఒప్పుకున్నాడు. అయితే మొదట 'దీన్' అంటే మనిషి లోపలి భక్తి మాత్రమేనని, రాను రాను అది గడ్డకట్టి వ్యవస్థ అయిందని ఆయన వాదన వైపు మొగ్గు చూపాడు. అక్కడ నేను ఆయనతో ఏకీభవించలేను. ఎందుకో చెప్పాలంటే 'దీన్' దగ్గరికి రావాలి. కాని దానికి ముందు మన సొంత మాటల సంగతి ఒకటి రెండు ముక్కల్లో చెప్పుకోవాలి.

తెలుగు 'మతం' సంస్కృతంలో ఆలోచించుట అనే అర్థమున్న 'మన్' ధాతువు నుండి వచ్చింది. మతి, మనస్సు, మననం దాని చుట్టాలు. మతమంటే తలచినది, అభిప్రాయం. సమ్మతం, అభిమతం అన్నప్పుడు ఈ అర్థమే. పాత పండితులు వ్యాకరణ చర్చలో "ఇది మా మతము" అని రాస్తే అందులో దైవప్రసక్తి ఏమీ లేదు. అద్వైత మతం, ద్వైత మతం అన్నా సిద్ధాంతమనే. పాదిరీలు, జనాభా లెక్కల గుమాస్తాలు వచ్చిన తరువాత 'రిలిజియన్' బరువంతా ఈ చిన్న మాట నెత్తిన పడింది. అయినా పల్లెల్లో ఎవరైనా క్రైస్తవుడైతే "మతం పుచ్చుకున్నాడు" అంటారు. పుచ్చుకోదగినది, వదిలిపెట్టదగినది, అభిప్రాయం వంటిది అన్న పాత వాసన అందులో పోలేదు.

ఉర్దూ వారు మనకన్నా తెలివిగా చేశారని అనుకోవద్దు. వారు ఎంచుకున్న 'మజ్‌హబ్' అరబ్బీలో వెళ్ళుట అనే ధాతువు నుండి వచ్చిన మాట. ఫిఖ్‌లో ఇమాముల మార్గాలకు పేరు. నేను మదర్సా ముగించి విశ్వవిద్యాలయంలో చేరబోతూ ఉర్దూలో ఉన్న దరఖాస్తులో 'మజ్‌హబ్' అన్న గడిలో శ్రద్ధగా 'హనఫీ' అని రాశాను. గుమాస్తా గారు నవ్వి, కొట్టివేసి, 'ఇస్లాం' అని దిద్దారు. ఆయన నవ్వు నాకు కోపం తెప్పించింది గాని, ఆయన తప్పేమీ లేదు. నేను అరబ్బీ చదివాను, ఆయన ఉర్దూ అక్షరాలలోని ఆంగ్లం చదివారు.

'దీన్'కు దాల్, యా, నూన్ అనే మూడక్షరాలు. ఈ మూడక్షరాలనే 'దైన్' అని చదివితే అప్పు. ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, ఈ అప్పు పత్రాన్ని గురించినదే. తీర్పు చెప్పే న్యాయాధికారిని యూదులు 'దయ్యాన్' అంటారు. 'మదీనా' అనే మాటకు కూడా అరమాయిక్ భాషలో మూలార్థం ఒక న్యాయాధికారం చెల్లే పరిధి అని విద్వాంసులు చెప్తారు. ఆర్థర్ జెఫ్రీ 1938లో బరోడా నుండి వెలువడిన గ్రంథంలో, తీర్పు అనే అర్థం అరమాయిక్ నుండి, ధర్మమనే అర్థం ఇరాన్ భాష నుండి వచ్చి అరబ్బీలో కలిశాయని విడదీశాడు. ప్రాచీన ఇరానీ భాషలో 'దేన్' అనే మాట ఉన్నది నిజమే. కాని ఎక్కడినుండి వచ్చినా, వచ్చిన తరువాత ఖుర్ఆన్ దానిని ఎలా వాడిందన్నది అనువాదకునికి ముఖ్యం.

తొంభై సార్లకు పైగా వచ్చే ఈ మాటలో నాలుగైదు చోట్లు చూస్తే చాలు. యూసుఫ్ సూరా 76వ ఆయత్‌లో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) తన తమ్ముణ్ణి తన దగ్గర నిలుపుకొనే ఘట్టం ఉన్నది. పాత్ర తమ్ముని మూటలో దొరికింది. దొంగిలించిన వాడినే పట్టి ఉంచటం యాఖూబ్ (అలైహిస్సలాం) సంతతి ఆచారం. ఆ శిక్షను అన్నలే తమ నోటితో చెప్పారు. మిస్రు రాజు 'దీన్' ప్రకారమైతే ఆయన తమ్ముణ్ణి ఉంచుకోవడానికి వీలుండేది కాదని ఖుర్ఆన్ చెప్తుంది. ఇక్కడ 'దీన్' అంటే రాజుగారి శిక్షాస్మృతి. ఇక్కడ మతం అని రాసిన అనువాదకుణ్ణి నేనింతవరకు చూడలేదు, రాస్తే నవ్వులపాలవుతాడు. నూర్ సూరా రెండవ ఆయత్‌లో శిక్ష అమలు సందర్భంలో అల్లాహ్ 'దీన్' అన్నప్పుడు కూడా శాసనం, దానికి విధేయత అనే అర్థమే. తౌబా సూరా 36లో సంవత్సరానికి పన్నెండు నెలలని, వాటిలో నాలుగు పవిత్రమైనవని చెప్పి, అదే సరియైన 'దీన్' అన్నది. అక్కడ ప్రాచీన వ్యాఖ్యాతలలో కొందరు 'లెక్క' అనే అర్థం చెప్పారు. ఇక ఫాతిహాలో ఆ లెక్క తీరే దినం.

ఇప్పుడు అప్పు, లెక్క, తీర్పు, చట్టం, విధేయత - ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిటిలోనూ ఇద్దరున్నారు. బాకీ ఉన్నవాడొకడు, బాకీ అడిగే హక్కు గలవాడొకడు. 'మతం'లో ఒక్కడే ఉంటాడు. తన ఆలోచనతో తానుంటాడు. సిసిరో 'రెలిజియో'లోనూ ఒక్కడే, తన జాగ్రత్తతో తాను. లాక్టాన్టియుస్ చెప్పిన కట్టు మాత్రం 'దీన్'కు కొంత చేరువగా వచ్చింది గాని, తరువాతి ఇంగ్లీషు ఆ ముడిని జారవిడిచింది. స్మిత్ గారితో నా పేచీ కూడా ఇక్కడే. లోపలి భక్తి ముందు, వెలుపలి చట్టం తరువాత అనే వరుస ఈ మాటలో కనబడదు. రెండూ మొదటినుండి ఉన్నాయి. ప్రసిద్ధమైన జిబ్రీల్ హదీసులో ఇస్లాం, ఈమాన్, ఇహ్సాన్ మూడింటి గురించి ప్రశ్నలు జరిగిన తరువాత, మీ 'దీన్'ను మీకు నేర్పడానికి జిబ్రీల్ వచ్చారని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. మూడూ కలిస్తే 'దీన్'. 'రిలిజియన్' నేటి అర్థంలో అందులోని ఈమాన్ ఒక్కదానినే పట్టుకుంటుంది.

ఆంగ్ల అనువాదకులు ఈ చిక్కును ఎట్లా విప్పుకున్నారో చూడటం మనకు ఉపయోగం. వారిలో మార్మడ్యూక్ పిక్తాల్ మనవాడనే చెప్పాలి. 1925లో హైదరాబాదు వచ్చి చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడై, 1927 నుండి 'ఇస్లామిక్ కల్చర్' త్రైమాసికను నడిపి, నిజాం ప్రభుత్వం ఇచ్చిన సెలవులో తన ఖుర్ఆన్ అనువాదం పూర్తి చేసి 1930లో ప్రకటించారు. ఆయన యూసుఫ్ సూరాలో 'దీన్'ను చట్టమన్నారు, నూర్‌లో విధేయత అన్నారు, ఫాతిహాలో తీర్పన్నారు, కాఫిరూన్‌లో 'రిలిజియన్' అన్నారు. నాలుగు చోట్ల నాలుగు మాటలు. ప్రతి చోటా న్యాయంగానే ఉన్నది. కాని నాలుగూ ఒకటే మాటనే సంగతి ఆంగ్ల పాఠకుడికి ఎన్నటికీ తెలియదు. మా మసీదు అరుగు మీది అబ్బాయి ప్రశ్న అక్కడే పుట్టింది. యూసుఫ్ అలీ గారు కాఫిరూన్‌లో 'మార్గం' అనే అర్థమిచ్చే మాట వాడారు. ముహమ్మద్ అసద్ 1980 నాటి అనువాదంలో 'నైతిక శాసనం' అన్నారు. ఇద్దరికీ 'రిలిజియన్' ఇరుకనిపించిందన్నమాట. అసద్ గారి కుమారుడు తలాల్ అసద్ 1993లో 'రిలిజియన్' అనే భావన వంశావళినే తవ్వి, అది ఐరోపా చరిత్రలో తయారైన సరుకని ఒక గ్రంథం రాయడం నాకు కాకతాళీయమనిపించదు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది మాత్రం ఆర్‌బెరీ 1955లో చేసిన పని. ఆయన ముసల్మాను కాడు. యూసుఫ్ సూరాలో రాజు 'దీన్'కు, ఫాతిహాలో 'దీన్'కు ఆయన ఒకే పాత మాట వాడాడు: 'డూమ్'. నేడు ఇంగ్లీషులో దాని అర్థం వినాశనం, కాలం మూడటం. కాని పూర్వపు ఇంగ్లీషులో అది తీర్పు, శాసనం. రాజులు చేసిన చట్టాలను 'డూమ్'లనే అనేవారు. 1086లో విలియం రాజు దేశంలోని భూములన్నీ లెక్క రాయించిన పుస్తకానికి జనం 'డూమ్స్‌డే' పుస్తకమని పేరు పెట్టారు, అందులో రాసినదానికి తిరుగు లేదు గనుక. లెక్క, శాసనం, తీర్పు మూడూ ఒక్క మాటలో! 'కింగ్‌డమ్' అన్న మాట చివరి ముక్క కూడా ఇదే. 'దీన్'కు సరిజోడు కాగల మాట ఇంగ్లీషులోనే ఉండేదని, దానిని వారు భయపెట్టే మాటగా అరగదీసుకున్నారని తెలిసిన రోజున నాకు నవ్వూ వచ్చింది, విచారమూ కలిగింది. ఆర్‌బెరీ కూడా కాఫిరూన్ వరకు వచ్చేసరికి 'రిలిజియన్'కే తలవంచాడు.

మన వైపున ఈ మాటను మళ్ళీ తెరిచి చూపిన గౌరవం మౌలానా మౌదూదీ గారికి దక్కుతుంది. ఆయన 1941లో రాసిన నాలుగు మౌలిక పరిభాషల గ్రంథంలో 'దీన్' ఒకటి. మతమనే ఇరుకు గదిలోంచి దానిని బయటికి తీశారు. తెలుగులో మనం వాడే 'జీవన వ్యవస్థ' అన్న మాట ఆ కృషి ఫలమే. ఐతే 1963లో మౌలానా వహీదుద్దీన్ ఖాన్, 1978లో మౌలానా అబుల్ హసన్ అలీ నద్వీ ఈ వివరణను విమర్శించారన్నది మరువరాదు. ఆ వివాదంలో తీర్పు చెప్పగల స్థోమత నాది కాదు. నా అభ్యంతరం కేవలం మాటకు సంబంధించినది. 'వ్యవస్థ' కూడా మరొక ఆంగ్ల పదానికి, 'సిస్టమ్'కు, తెలుగు నీడే. తుఫానులో చిక్కిన పడవవారు 'దీన్'ను అల్లాహ్‌కే ప్రత్యేకించి మొరపెట్టుకుంటారని ఖుర్ఆన్ మూడు చోట్ల చెప్తుంది. మునిగిపోతున్న పడవలో వ్యవస్థకు చోటెక్కడ? అక్కడున్నది చేతులెత్తిన దాసుడొకడు, ఆయన ప్రభువు.

'ధర్మం' వీటన్నిటికంటె మెరుగని నా నమ్మకం. నిలబెట్టేది అనే మూలార్థంలో చట్టం, కర్తవ్యం రెండూ ఉన్నాయి. కాని దానికీ సొంత సంసారం ఉన్నది. రాజు 'దీన్'ను 'రాజధర్మం' అంటే రాజు చేయవలసిన పని అనే అర్థం వస్తుంది, రాజు చేసిన చట్టమని రాదు. పైగా వర్ణాశ్రమాలన్నీ ఆ మాట వెంట నడిచివస్తాయి.

మాటల తగాదా పండితులకే గాని సామాన్యునికెందుకు అనేవారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. మన రాజ్యాంగం 25వ అధికరణంలో 'రిలిజియన్' స్వేచ్ఛ ఇచ్చింది గాని, ఆ మాటకు నిర్వచనం ఇవ్వలేదు. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, అది కేవలం నమ్మకం, సిద్ధాంతం కాదని, ఆహారం, దుస్తుల వరకు కూడా వ్యాపించవచ్చునని విశాలంగానే చెప్పింది. కాని ఆ వెంటనే, అందులో అత్యవసరమైన భాగమేది అనే జల్లెడ కూడా తయారైంది. ఆ జల్లెడలో 1958లో బక్రీదు నాటి ఆవు ఖుర్బానీ, 1994లో మసీదు, 2022లో కర్ణాటక హైకోర్టు ముందు హిజాబ్ నిలువలేదు. హిజాబ్ విషయమై అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ భిన్నాభిప్రాయాలు ఇచ్చారు. ఆ తీర్పుల మంచిచెడ్డలు న్యాయవాదులు చూసుకుంటారు. నేను చూసేది వేరు. మధ్యలో ఒక సారం, చుట్టూ వదిలివేయదగిన తొక్క ఉంటాయనే ఊహ నమ్మకాల పట్టిక అనే అర్థంలోని 'రిలిజియన్'కు సరిపోతుంది. బాకీకి అట్లా సరిపోదు. పావలా బాకీ కూడా బాకీయే. ఫర్జ్, వాజిబ్, సున్నత్, ముస్తహబ్ అని మన ఫుఖహాలు తరతమాలు చెప్పారు గాని, చిన్నదానిని 'దీన్' వెలుపలికి నెట్టలేదు. కోర్టులో నిలబడి మన పక్షం వారే "ఇది మా మతంలో అత్యవసరమైనది" అని వాదించవలసి వచ్చినప్పుడు, సగం వాదన ఆ మాట దగ్గరే ఓడిపోతున్నది.

మరి నేను చేస్తున్నదేమిటి? ముందు 'దీన్' అనే మాటనే తెలుగులో ఉంచి చూశాను. అచ్చుకూర్చే వ్యక్తి 'దీన్‌లో చేరినవారు' అన్న నా వాక్యాన్ని అచ్చు తప్పు అనుకొని, 'దీనులలో చేరినవారు' అని దిద్ది పెట్టారు! సంస్కృత 'దీన' శబ్దం మన తెలుగువారి చెవిలో ముందే కూర్చుని ఉన్నది. అయినా ఆ మాటను వదలలేదు. ఇప్పుడు సందర్భాన్ని బట్టి తీర్పు, శాసనం, విధేయత, ధర్మం అని రాస్తూ, ప్రతి చోటా మూలంలోని మాట 'దీన్' అని పుట అడుగున తెలుపుతున్నాను. పుట నిండిపోతున్నదని ప్రచురణకర్తలు విసుక్కుంటున్నారు. కాఫిరూన్ సూరాలో మాత్రం 'దీన్' అనే ఉంచాను.

ఆ అబ్బాయికి ఇదంతా చెప్పడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. అంతా విని, "మరి నెలల లెక్క చెప్పిన ఆయత్‌లో ఏమి రాస్తారు?" అన్నాడు. నా బల్ల మీద రెండు చీటీలు ఉన్నాయి. ఒకదాని మీద 'లెక్క' అని, ఒకదాని మీద 'విధి' అని రాసుకున్నాను. వచ్చే వారం ఆ పుటలు ముద్రణకు వెళ్ళాలి.